నరహరి దాటిన గుట్ట

సూరత్‌లో, నవాగామ్ తెలుగువాళ్ల గల్లీలో, నరహరిని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ ఏడాది తగ్గిపోయారు. గుట్ట దాటిన కాక ఇల్లేదని అడిగితే చాలు, పిల్లలు కూడా చూపించేవారు. అంతకుముందు ఇరవై ఆరేళ్లు అతనికి అలాంటి పేరేమీ లేదు. కోరుట్ల దగ్గరి ఓ పల్లె నుంచి పద్దెనిమిదో ఏట వచ్చాడు. వచ్చిన మర్నాటినుంచే సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య నిలబడ్డాడు. రోజుకు పన్నెండు గంటలు, పన్నెండు సాంచాలు. పోగు తెగితే ముడి వేయాలి, కండె అయిపోతే మార్చాలి, గుడ్డ మీద మచ్చ పడితే సేఠ్ చేత మాట పడాలి. ఆ మోతకు చెవులు కొంత మందగించాయి. పొట్టి మనిషి, మెత్తని మాట. ఆదివారం రాజమౌళి చాయ్ దుకాణంలో గంటసేపు కూర్చుని లేచిపోయినా, ఇవాళ నరహరి వచ్చాడా రాలేదా అని పక్కన కూర్చున్నవాడికి గుర్తుండేది కాదు.

అలాంటి మనిషికి పేరు తెచ్చింది లాక్‌డౌన్.

2020 మార్చి ఆఖర్లో సాంచాలు ఆగిపోయాయి. భార్య ప్రమీల, కూతురు విజయరాణి అప్పటికే ఓ పెండ్లికని ప్రమీల తల్లిగారి ఊరికి, నిర్మల్ వైపు వెళ్లి అక్కడే చిక్కుకున్నారు. నరహరి నెలా పదిరోజులు గదిలో ఒక్కడే ఉన్నాడు. ఇక ఉండలేక, మే మొదట్లో మరో ముగ్గురితో కలిసి కాలినడకన బయల్దేరాడు. ఆగయ్య, బక్కయ్య, లింగం. నలుగురిదీ ఒకటే పల్లె, నలుగురూ సాంచాలవాళ్లే.

ఆ తర్వాత చాయ్ దుకాణంలో నరహరి చెప్పుకొచ్చిన కథ ఇది. మూడు రోజులు నడిచి సోన్‌గఢ్ దాటారు. ముందున్న సరిహద్దు దగ్గర నడిచొచ్చేవాళ్లను ఆపి వెనక్కి పంపుతున్నారని తెలిసింది. రోడ్డు వదిలేసి, ఉకాయ్ జలాశయాన్ని ఆనుకుని ఉన్న పొడుగాటి గుట్ట వెన్ను మీదుగా పోతే అవతల తేలవచ్చని ఓ మేకలకాపరి చెప్పాడు. పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగుతారు. ఆ ఎండలో గుట్టా అని మిగిలిన ముగ్గురూ జంకారు. నరహరి ఐదు లీటర్ల నీళ్ల క్యాను పట్టుకుని ముందు నడిచాడు. గుక్కెడు గుక్కెడు అందరికీ పోసి, తాను ఆఖరున తాగి, వాళ్లను దాటించాడు. అవతల బండి కోసం ముందుకు పోతే ఓ లారీ దొరికింది. వెనకవాళ్ల కోసం ఆగనని డ్రైవర్ అన్నాడు. అందుకే తాను ముందు ఇల్లు చేరాడు.

ఇందులో మూడు రోజుల నడక నిజం. ఎండ నిజం, క్యాను నిజం, లారీ కూడా నిజమే. గుట్ట మాత్రం అబద్ధం.

జరిగింది వేరు. తెల్లవారుతుండగా నలుగురూ గుట్ట మొదట్లో మోదుగుచెట్ల మధ్య కూర్చున్నారు. క్యానులో నీళ్లు అయిపోయాయి. వెనక్కి అర కిలోమీటరు పోతే రోడ్డు పక్కన చేతిపంపు ఉంది. నేను తెస్తానని నరహరి లేచాడు. క్యాను నింపి మూత బిగిస్తుండగా ఓ లారీ వచ్చి ఆగింది. డ్రైవర్ కూడా నీళ్లకే దిగాడు. అతని క్లీనర్ జ్వరంతో దారిలోనే దిగిపోయాడట. ఒక్క మనిషినైతే క్లీనరని చెప్పి దాటిస్తాను, ధూలే దాకా దింపుతాను, ఇద్దరంటే కుదరదు, ఎక్కితే ఇప్పుడే ఎక్కు అన్నాడు. నరహరి గుట్ట వైపు చూశాడు. మోదుగుచెట్లు అక్కడినుంచి కనబడవు. ఇంజను ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. అతను ఎక్కాడు. క్యాను చేతిలోనే ఉంది. ఒక్క ఫర్లాంగు పోయాక ఆ సంగతి గమనించాడు. లారీ ఆపమని అడగడానికి నోరు రాలేదు.

లారీ ఎక్కిన నాలుగో రోజుకు ఊరు చేరాడు. పద్నాలుగు రోజులు బయటికి రాకూడదని సర్పంచి అతన్ని బడిలో ఉంచాడు. మొదటి పొద్దుటే బక్కయ్య భార్య పోశమ్మ ముఖానికి కొంగు చుట్టుకుని గేటు బయట నిలబడింది. తన మనిషి ఏడని అడిగింది.

"ఎనక వస్తుండ్రు వదినా. గుట్ట దిగినంక నేనే జర ముందుగాల నడిచిన" అన్నాడు నరహరి.

ముందు అనుకుని అన్న మాట కాదు. కానీ గుట్ట దిగాను అన్నాక, ఎక్కాను అని కూడా అనక తప్పలేదు.

ఆగయ్యా వాళ్లు ఊరు చేరేసరికి మరో పద్దెనిమిది రోజులు పట్టింది. అప్పటికి నరహరి బడి నుంచి బయటపడి ఇంటికి వచ్చాడు. వాళ్లూ బడిలో పద్నాలుగు రోజులు ఉండి బయటికి వచ్చారని విని రెండు రోజులు గుమ్మం దాటలేదు. మూడో రోజు రేషన్ దుకాణం దగ్గర బక్కయ్య ఎదురయ్యాడు. చూశాడు. నోరు తెరిచి ఏదో అనబోయి, చేతిలోని సంచిని భుజం మార్చుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నరహరికి ఊళ్లో ఉండబుద్ధి కాలేదు. సెప్టెంబరులో సాంచాలు తిరుగుతున్నాయని తెలియగానే అందరికన్నా ముందు సూరత్ చేరినవాళ్లలో అతనొకడు. భార్యాబిడ్డలను నిర్మల్ నుంచి నేరుగా ఇక్కడికే రమ్మన్నాడు. ఊరి మాట వాళ్ల చెవిన పడకుండా.

సూరత్‌లో ఎట్లా పోయినవని అందరూ అందర్నీ అడిగేవారు. అడిగినప్పుడల్లా నరహరి పోశమ్మకు చెప్పిందే చెప్పాడు. విన్నవాళ్లు తలలూపే కొద్దీ కథ పెరిగింది. నీళ్లు పోసిన సంగతి మొదట్లో లేదు. క్యాను గురించి ఎవరో అడిగితే వచ్చి చేరింది. ప్రమీల ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. గుజరాతీ బడిలో తొమ్మిదో తరగతి చదివే విజయరాణి, ఫోన్లో పాఠాలు జరిగే రోజుల్లో, 'మా ఇంటి ధైర్యవంతుడు' అని రాసిన వ్యాసాన్ని టీచరమ్మ మెచ్చుకుందట. ఆ పిల్ల దాన్ని తండ్రికి చదివి, తెలుగులో చెప్పింది కూడా. నరహరి గోడ వైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. పెట్టుకున్నవే విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

లింగం ముంబై దగ్గరి భివండీ సాంచాలకు మళ్లాడు. బక్కయ్య ఇక సూరత్ రానన్నాడని తెలిసింది. నరహరి ఊపిరి పీల్చుకున్నాడు. 2021 జనవరిలో మాత్రం ఆగయ్య వచ్చాడు.

ఆగయ్య నరహరికన్నా ఆరేళ్లు పెద్ద. నగరం అవతలి అంచున, ఉన్‌లో గది తీసుకుని అక్కడే ఓ కారఖానాలో చేరాడు. మొదటి ఆదివారమే చాయ్ దుకాణానికి వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. నువ్వూ ఆ గుట్ట మీద ఉన్నవాడివేనటగా అని రాజమౌళి అడిగాడు. నరహరి చేతిలో కప్పు అట్లాగే ఉండిపోయింది. "ఉన్న. ఆ దినం ఎండ శానా ఉండె" అని ఆగయ్య చాయ్ తాగాడు. అంతే. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు, ప్రతి ఆదివారం ఏమీ అనకుండా పోయాడు. ఇవాళ అంటాడు, వచ్చే వారం అంటాడు అని నరహరి ఎదురుచూసేవాడు. సాంచాల మధ్య నిలబడ్డప్పుడు కూడా అదే ఆలోచన. పోగు తెగింది కనబడక గుడ్డ పాడైన రోజులున్నాయి. ఆగయ్య నలుగురిలో నిలబెట్టి తిట్టినా బాగుండేది అనుకునేవాడు.

రాజమౌళి కొడుకు నరేశ్‌కు ఇరవై నాలుగేళ్లు. రింగ్ రోడ్‌లో ఓ చీరల దుకాణంలో ఫోన్లో వీడియోలు తీసి సరుకు అమ్మే పని. సెలవు దొరికితే మార్కెట్ స్నేహితులతో డాంగ్ అడవుల్లో గుట్టలెక్కేవాడు. నరహరి కథ విన్నప్పటినుంచీ ఆ గుట్ట వెన్ను మీద ఒకసారి నడవాలని, కాకనే దారి చూపాలని పట్టుబట్టాడు. నరహరి మోకాలి నొప్పన్నాడు. ఏప్రిల్లో నిజంగానే జ్వరమొచ్చి ఇరవై రోజులు పడుకున్నాడు. అది కొన్నాళ్లు సాకుగా పనికొచ్చింది. వానలు తగ్గి సెప్టెంబరు రాగానే నరేశ్ ఓ ఆదివారానికి వ్యాను మాట్లాడేశాడు. నేనూ వస్తానంది విజయరాణి. బాపు నడిచిన దారి చూడాలంది. దానికి ప్రమీల కూడా సరేనంది. ఆగయ్యను కూడా పిలిచానని, ఆయన వెంటనే ఒప్పుకున్నాడని నరేశ్ ఆఖర్న చెప్పాడు.

శుక్రవారం పని దిగాక నరహరి ఉన్ దాకా వెళ్లాడు. తప్పు ఒప్పుకుని చెప్పాలనే వెళ్లాడు. ఆగయ్య పొయ్యి దగ్గర కూర్చుని పప్పు ఎసట్లో వేస్తున్నాడు. కూర్చో అన్నాడు, అన్నం పెట్టాడు. నరహరి తిన్నాడు. తిన్నాక, నీ కాళ్లకు గుట్ట పడదేమో ఆగన్నా, రాకపోయినా ఎవరూ ఏమనుకోరు అన్నాడు. "కాళ్లు మంచిగనే ఉన్నయి" అన్నాడు ఆగయ్య. నరహరి కంచం కడిగిపెట్టి తిరిగొచ్చేశాడు.

ఆదివారం ఏడింటికి నలుగురూ గుట్ట కింద దిగారు. వ్యాను చుట్టు తిరిగి సాయంత్రానికి అవతలి రోడ్డు మీద ఉంటానని పోయింది. మే నెలలో బూడిదరంగులో ఉన్న నేల ఇప్పుడు పచ్చగా పొంగింది. నరహరి గుర్తుపట్టగలిగింది ఒక్క చేతిపంపునే. వ్యాను దాన్ని దాటుతున్నప్పుడు మరో పక్కకు చూశాడు. దిగాక రెండు బాటలు కనిపించాయి. ఒకటి ఎడమకు, ఒకటి టేకు చెట్ల మధ్యనుంచి నిటారుగా పైకి. ఎటు కాకా అన్నాడు నరేశ్. నరహరి ఎడమకు చేయి చూపాడు.

వెనకనుంచి ఆగయ్య మాట వచ్చింది. "నర్హరి చెప్పిందే దారి. కాని వానలకు ఆడ ఒర్రె తెగి ఉంటది. గిట్ల పోదాం." అని టేకు చెట్లలోకి నడిచాడు.

మొదటి దెబ్బ అది. ఆ రోజు అలాంటివి ఇంకెన్నో తగిలాయి. బాట చీలినచోటల్లా నరేశ్ నరహరిని అడిగేవాడు, నరహరి తడబడేవాడు, ఆగయ్య ముందుకు నడిచి, అతని పరువు పోకుండా ఏదో ఒకటి అనేవాడు. తిట్టు కాదు, ఎత్తిపొడుపు కాదు. ప్రతిసారీ నరహరి మెడ వేడెక్కేది.

ఎక్కడానికే మూడు గంటలు పట్టింది. నడుం లోతు గడ్డి, కింద జారే నల్లరాయి. ఇదే శిఖరం అనుకుని పైకి చేరితే ముందు మరొకటి లేచేది. రోజంతా నిలబడే కాళ్లే గానీ ఎక్కే కాళ్లు కావు నరహరివి. తొడలు వణికాయి. ఊపిరి ఈల వేసింది. వెన్ను మీదికి చేరాక మాత్రం నలుగురూ నిలబడిపోయారు. కింద ఎటు చూసినా నీళ్లే. జలాశయం గుట్టల మధ్యకు వేళ్లు చాపినట్టు జొరబడి ఉంది. మునిగిన గుట్టల తలలు దీవుల్లా తేలుతున్నాయి. ఒడ్డున ఎండిపోయిన చెట్లు నీళ్లలోనే నిలబడి ఉన్నాయి. మే నెలలో ఈ నీళ్లన్నీ కళ్లెదుట పెట్టుకుని ఎండిన నాలుకలతో ఆ ముగ్గురు నడిచారన్న సంగతి నరహరికి అప్పుడు తట్టింది. అంత దూరాన, అంత లోతున నీళ్లు. దిగి తాగి ఎక్కే ఓపిక ఎవరికుంటుంది. విజయరాణి గునుగుపూలు చూపించి బతుకమ్మకు తీసుకుపోదామా బాపూ అంటే అతనికి వినబడలేదు.

ఒకచోట వెన్ను సన్నగిల్లింది. రెండు మూరల వెడల్పు రాయి, ఇరుపక్కలా లోయ. ఆగయ్య అడ్డంగా తిరిగి చిన్నగా దాటాడు. నరేశ్ దాటాడు. విజయరాణి కాలు కొంచెం జారితే ఆగయ్య చెయ్యి పట్టుకుని లాగాడు. నరహరి మధ్యదాకా వచ్చి ఆగిపోయాడు. కూర్చున్నాడు. కూర్చునే, చేతులతో నేలను పట్టుకుని, పసిపిల్లలు మెట్లు దిగినట్టు జరుగుతూ దాటాడు. విజయరాణి చూస్తూ ఉంది.

"అప్పుడు ఎట్ల దాటినవ్ బాపూ?"

"అప్పుడు ఎండకాలం బిడ్డా. గింత తడి లేకుండె" అన్నాడు.

ఇంకొంత దూరం పోయాక ఆగయ్య ఒక బండ దగ్గర నిలబడ్డాడు. దాని మీద చెయ్యి వేశాడు. ఏంది పెదనాయినా అని విజయరాణి అడిగింది. ఇక్కడే బక్కయ్య పడిపోయాడని, తాను, లింగం చెరో రెక్కా పట్టుకుని లేపామని, మనిషికి సోయి లేదని ఆగయ్య చెప్పాడు. బాపు ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదంది ఆ పిల్ల. "అందరికి అన్ని యాదికుండయి బిడ్డా" అన్నాడు ఆగయ్య.

మధ్యాహ్నం చదునైన జాగా చూసి రొట్టెలు తిన్నారు. నరేశ్ ఫోను తీశాడు. వెనక సరస్సు కనబడేట్టు నరహరిని నిలబెట్టి, కాకా మొత్తం చెప్పు అన్నాడు. ఫోను విజయరాణి పట్టుకుంది. ఆగయ్య పది అడుగుల దూరంలో రాయి మీద కూర్చుని చెప్పులోంచి ముల్లు తీసుకుంటున్నాడు.

చెప్పకుండా ఉండొచ్చు. గొంతు బాగాలేదనొచ్చు. నరహరి చెప్పడం మొదలుపెట్టాడు. అలవాటైన మాటలు వాటంతటవే వచ్చాయి. ఎండ, జంకిన ముగ్గురు, ముందు నడిచిన తాను. మధ్యలో విజయరాణి అంది: బక్కయ్య పెదనాయిన పడ్డది చెప్పు బాపూ.

అతను ఫోను వైపే చూశాడు.

"క్యానుల జరన్ని నీళ్లు మిగిలినయి. నేను తాగలే. ఆయన నోట్ల పోసిన" అన్నాడు.

ఆగయ్య లేచాడు. ముల్లు తీయడం అయిందో లేదో, చెప్పు తొడుక్కుని, వెనక్కి చూడకుండా ముందుకు నడిచి వెళ్లిపోయాడు. నరేశ్ మంచిగ వచ్చింది కాకా అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. నరహరి ఆగయ్య పోయిన వైపే చూశాడు. పొద్దటినుంచీ ఆ మనిషి తన పరువు మోసుకొచ్చాడు. తాను అతని ముందే, అతను మోసుకొచ్చిన మనిషి నోట్లో, లేని నీళ్లు పోశాడు.

ఇక దిగడమే. వెదురు పొదల మధ్యనుంచి మెట్టు తర్వాత మెట్టు, మోకాళ్లు పట్టేస్తూ, రెండు గంటలు. నాలుగున్నరకు గుట్ట నడుములో ఓ గుడిసె కనబడింది. ముంగిట్లో ఓ ముసలమ్మ మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. నీళ్లు అడుగుదామని ఆగారు. ఆగయ్య ముఖానికున్న గుడ్డ తీయగానే ఆమె చేతులు ఆగిపోయాయి. లేచి దగ్గరికొచ్చి అతని మోచెయ్యి పట్టుకుని ఏదో గబగబా అడిగింది. గుజరాతీకి దగ్గరగా ఉన్న కొండమాట. పెద్దవాళ్లకు సగమే అర్థమవుతోంది. విజయరాణికి అయింది. ఆ పిల్ల ఉత్సాహంగా ఒక్కొక్క మాటే తెలుగు చేసి చెప్పడం మొదలుపెట్టింది.

"నిన్ను గుర్తుపట్టింది పెదనాయినా. ఆ రోజు పొద్దుమూకేటప్పుడు వచ్చిండ్రట. నాలుకలు నల్లగైనయట. ఒకాయనను ఇద్దరు మోసుకొచ్చిండ్రట. ఇక్కడే పండబెట్టి, తడిగుడ్డతోని నోరు తడిపిందట. ఆయన బతికి ఉన్నడా అని అడుగుతుంది."

బతికే ఉన్నాడని ఆగయ్య తలాడించాడు. ముసలమ్మ నవ్వి మళ్లీ ఏదో అంది. ఈసారి చాలాసేపు చెప్పింది.

"ముగ్గురే వచ్చిండ్రట" అంది విజయరాణి. అని ఆగింది. ముసలమ్మ చెబుతూనే ఉంది. ఆ పిల్ల గొంతు చిన్నదైంది. "నీళ్లకు పోయిన నాలుగో ఆయనను పోలీసులు పట్టుకున్నరని, కొడుతున్నరేమో అని, ఈ పెదనాయిన ఏడ్చిండట. ఆయనను ఇడిచిపెట్టిండ్రా, ఇంటికి చేరిండా అని అడుగుతుంది."

"చేరిండని చెప్పు బిడ్డా" అన్నాడు ఆగయ్య వెంటనే.

విజయరాణి ఆ మాట ముసలమ్మకు చెప్పలేదు. తండ్రి వైపు చూసింది. నరేశ్ కూడా చూశాడు. నరహరికి పోలీసుల సంగతి అప్పటిదాకా తెలియదు. వాళ్లు తనను తిట్టుకుంటూ నడిచారనే ఇంతకాలం అనుకున్నాడు. తన కోసం ఏడ్చారని ఊహించలేదు.

"నన్ను ఎవ్వరు పట్టుకోలే" అన్నాడు. "లారీ దొరికింది. ఒక్కనికే జాగ ఉండె. ఎక్కిన. నీళ్ల క్యాను గూడ నాతోనే కొంచవోయిన. ఈ గుట్ట నేను ఎక్కలే బిడ్డా. ఇయ్యాలనే ఎక్కుడు."

ముసలమ్మ ఏమన్నాడని విజయరాణిని అడిగింది. ఆ పిల్ల తల వంచుకుంది. నరహరే చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఆ నాలుగో మనిషిని నేనేనని తనకొచ్చిన హిందీలో చెప్పాడు. ఆమె అతన్ని చాలాసేపు చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి అందరికన్నా ముందు ఆగయ్యకిచ్చింది. నరహరి వంతు వచ్చినప్పుడు చెంబు పట్టుకున్నాడు గానీ తాగలేకపోయాడు. పక్కన పెట్టాడు.

రోడ్డుకు ఇంకో అరగంట నడక. నరేశ్, విజయరాణి ముందు పోయారు. వెనక నరహరి, ఆగయ్య. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు ఆగన్నా అని నరహరి అడిగాడు. ఆగయ్య నడుస్తూనే జవాబిచ్చాడు.

"ఏం చెప్పాలె. ఒక్కనికే జాగ ఉండె. పంపు కాడికి నేను పోయి ఉంటె నేనేం జేద్దునో నాకు తెల్వదు. ఇంటికి పోవాలని అందరికి ఉండె." మళ్లీ కొంత నడిచాక అన్నాడు, "ఆ క్యాను జర రోడ్డు మీద పెట్టి పోతే సరిపోతుండె నర్హరీ. గంతే."

నరహరి ఒక అడుగు వెనకబడి నడిచాడు.

వ్యానులో విజయరాణి ముందు సీట్లో కూర్చుంది. ఎవరూ అడగకుండానే నరేశ్ ఫోనులోంచి వీడియో తీసేశాడు. నేను ఎవరికీ చెప్పను కాకా అన్నాడు. ఆ దయ కూడా నరహరికి గుచ్చుకుంది. ఇల్లు చేరి అన్నం ముట్టకముందే ప్రమీలకు చెప్పాడు. ఆమె అరవలేదు. "నాతోని గూడ చెప్పకపోతివి" అంది. తాను ఎంతమందికి చెప్పుకుందో ఒక్కొక్కరి పేరే తలచుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత చాలా రోజులు కంచం అతని ముందు పెట్టి అవతలికి పోయేది. పక్కింటివాళ్లు పిలిచినా గడప దాటేది కాదు.

తర్వాతి ఆదివారం చాయ్ దుకాణంలో అతనే చెప్పాడు. అదే బెంచీ, అదే మనుషులు. చెబుతున్నంతసేపూ కళ్లు నేల మీదే ఉన్నాయి. కొందరు నవ్వారు. ఆ రోజుల్లో ఎవరైనా అదే చేసేవారులే అని ఒకరిద్దరు అన్నారు. రాజమౌళి మాత్రం గ్లాసులు కడుక్కున్నాడు. నెల తిరక్కుండా పిల్లలు లారీ కాక అనడం మొదలుపెట్టారు. ఆ పేరు వినబడ్డప్పుడు నరహరి పలికేవాడు.

విజయరాణి ఎనిమిది రోజులు తండ్రితో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు బడి కాగితం మీద సంతకం కావాలని వచ్చింది. అతను సంతకం పెట్టి, ఆ వ్యాసం సంగతి మీ టీచరమ్మకు నిజం చెప్పెయ్యి బిడ్డా అన్నాడు. ఆ పిల్ల కాగితం మడత పెట్టుకుంది.

"నేను చెప్పను బాపూ. నాకు సిగ్గైతది."

సాంచాల దగ్గర పడ్డ మాటలు, చాయ్ దుకాణంలో నవ్వులు, ఇవన్నీ ఒక ఎత్తు. ఆ మాట ఒక ఎత్తు. తన సిగ్గు తనతో పోదని, ఇంట్లోవాళ్లకు కూడా పంచిపెట్టాడని అప్పుడు తెలిసింది.

దసరా దాటాక నరహరి ఊరికి వెళ్లాడు. రైలు దిగి, బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా బక్కయ్య వాకిట్లో నిలబడ్డాడు. బక్కయ్య బాగా చిక్కాడు. నాలుగు మేకలు కొనుక్కుని మేపుకుంటున్నాడట. పోశమ్మ చూసి లోపలికి పోయింది. నరహరి నిలబడే చెప్పాడు. లారీ, క్యాను, పోశమ్మతో ఆడిన అబద్ధం, సూరత్‌లో ఆడిన అబద్ధాలు, గుట్ట మీద నోట్లో పోసిన లేని నీళ్లు. ఒక్కటీ దాచలేదు. బక్కయ్య మేకకు తుమ్మకొమ్మ అందిస్తూ విన్నాడు.

"రెండు గంటలు కూసున్నం నీకోసం" అన్నాడు ఆఖర్న. "ఆగన్న రోడ్డు దాంక రెండుమాట్ల ఉరికిండు. పొద్దటి సల్లదనం అంత గట్లనే పోయింది. లేకుంటే ఎండ ముదిరేలోపల సగం గుట్ట ఎక్కుదుము."

నరహరి చేతులు జోడించాడు. ఆ చేతుల వైపు బక్కయ్య చూడలేదు.

"సెప్పినవు గద. ఇగ పో" అన్నాడు.

నరహరి వచ్చేశాడు. మరుసటి ఏడాది వెళ్లినప్పుడు కూడా ఆ వాకిట్లో నిలబడ్డాడు. బక్కయ్య మేకలు తోలుకుపోయాడని పోశమ్మ లోపలినుంచే చెప్పింది. కూర్చోమని అనలేదు, పొమ్మని కూడా అనలేదు. కాసేపు నిలబడి వచ్చాడు.

ఆగయ్య ఇప్పటికీ ఆదివారాలు ఉన్ నుంచి వస్తాడు, బెంచీ చివర కూర్చుంటాడు. ఇద్దరూ పని గురించి, నూలు గురించి, ఊళ్లో వానల గురించి మాట్లాడుకుంటారు. ఊరినుంచి కొత్తగా వచ్చిన పనివాళ్లు కరోనా రోజుల్లో నువ్వెట్లా పోయినవని అడుగుతుంటారు. నడిచినవాళ్లు వేరే ఉన్నారని, తాను లారీ ఎక్కానని, క్యాను సంగతితో సహా నరహరి చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ చెవులు కాలుతాయి. తగ్గుతుందేమో అని మొదట్లో అనుకున్నాడు. తగ్గలేదు.